మంజూరు సంఖ్యకు మించిన పిల్లలు

ఒక సదస్సు పని మీద అమెరికా వెళ్ళినప్పుడు టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ నగరానికి ఉత్తరాన ఉన్న ఒక శివారు పట్టణంలో మిత్రుడి ఇంట నాలుగు రోజులున్నాను. ఒక ఉదయం కూతురిని బడిలో దింపడానికి వెళుతూ నన్నూ వెంట తీసుకుపోయాడు. ముందువైపు విశాలమైన భవనం, పచ్చిక మైదానం, జెండా. వెనక్కి వెళ్తే చక్రాల మీద తెచ్చి నిలబెట్టిన రేకుల గదులు రెండు వరుసల్లో ఉన్నాయి. వాటిని అక్కడ పోర్టబుల్స్ అంటారు. భవనంలో చోటు చాలని పిల్లల తరగతులు వాటిలో జరుగుతాయి. మిత్రుడి కూతురి తరగతి కూడా అక్కడే. పాప లోపలికి వెళ్ళాక కారులో కూర్చుని అతడు నవ్వుతూ అన్నాడు: "అన్నా, మన హాస్టల్ల నేను ఎక్స్‌ట్రా. ఈడ నా బిడ్డ ఎక్స్‌ట్రా."

ఆ మాటకు అర్థం మా ఇద్దరికే తెలుసు. 1990ల తొలి సంవత్సరాల్లో మేము ఒకే సాంఘిక సంక్షేమ వసతిగృహంలో చదువుకున్నాం. ఆ వసతిగృహానికి మంజూరైన సంఖ్య ఎనభై. ఉన్న పిల్లలం నూట ముప్పైకి తక్కువ కాదు. రిజిస్టరులో పేరున్న ఎనభై మందికే బియ్యం, పప్పు, దుప్పటి, పళ్ళెం వచ్చేవి. మిగిలినవాళ్ళను వెళ్ళగొట్టడానికి వార్డెన్ సారుకు మనసొప్పేది కాదు. ఎనభై మంది బియ్యాన్ని నూట ముప్పై మందిమి తినేవాళ్ళం. వంటమనిషి పప్పులో నీళ్ళు కలిపేది. తనిఖీ అధికారి వస్తున్నాడంటే పేరు లేని పిల్లలు వెనక దారిన చెరువుకట్ట మీదికి పోయి, జీపు వెళ్ళిపోయాక తిరిగి వచ్చేవాళ్ళు. నా మిత్రుడు నాకంటే రెండు తరగతులు చిన్న. పక్క ఊరి మాదిగవాడ నుంచి చదువు సంవత్సరం మధ్యలో వచ్చాడు. మరుసటి జూన్ వరకు నా పళ్ళెంలోనే తిన్నాడు.

పిల్లలు పెరిగినంత వేగంగా డబ్బు పెరగకపోవడం ఏ దేశంలోనైనా ఉండే చిక్కే. అయితే ఆ కొరతను ఎవరి పిల్లలు మోస్తారన్నది పద్దుల శాఖ లెక్కల్లో తేలే విషయం కాదు. అంతకు చాలా ముందే ఎవరో గీసిన సరిహద్దు దాన్ని నిర్ణయించి పెడుతుంది. ఆ నాలుగు రోజుల్లో చూసినదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ ఈ కోణం నుంచి పంచుకోవాలనిపించింది.

అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా విద్యాశాఖ వంటిది కాదు. దానికి ఎన్నికైన సొంత బోర్డు ఉంటుంది, సొంత సరిహద్దు ఉంటుంది, అన్నిటికన్నా ముఖ్యంగా పన్ను వేసే అధికారం ఉంటుంది. టెక్సాస్‌లో ఇటువంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. ఆ రాష్ట్రంలో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. అందువల్ల బడుల బరువులో పెద్ద భాగం ఇళ్ళ మీద, దుకాణాల మీద, పరిశ్రమల మీద పడే ఆస్తి పన్నుదే. ఆ పన్ను రెండు ఖాతాలుగా ఉంటుంది. ఒకటి జీతాలు, కరెంటు, బస్సుల వంటి రోజువారీ ఖర్చుకు. రెండోది భవనాల కోసం తెచ్చిన అప్పు తీర్చడానికి. ఆ అప్పు తేవాలంటే బాండ్లు అమ్మాలి. బాండ్లు అమ్మాలంటే ఆ సరిహద్దులోని ఓటర్లు ఎన్నికలో ఒప్పుకోవాలి. రెండో ఖాతా డబ్బు మొదటి ఖాతా పనికి వాడకూడదు.

పిల్లలు నిలకడగా ఉన్నచోట ఈ ఏర్పాటు ఎలాగో నడుస్తుంది. వేగంగా పెరిగినచోట తడబడుతుంది. కొత్త కాలనీ వెలిసిన ఏడాదే పిల్లలు బడి గుమ్మంలో ఉంటారు. పన్ను ఎక్కువగా రాబట్టే వ్యాపార సముదాయాలు వచ్చేది ఎన్నో ఏళ్ళ తరువాత. కొత్త బడి తెరిచిన నాడు అది సగం ఖాళీగా ఉన్నా ప్రధానోపాధ్యాయుడు, గ్రంథపాలకుడు, నర్సు, వంటశాల, కరెంటు బిల్లు అన్నీ నిండుగానే కావాలి. రాష్ట్రం ఇచ్చే సాయమేమో చేరిన పిల్లల సంఖ్యను బట్టి రాదు, సగటు రోజువారీ హాజరును బట్టి వస్తుంది. ఒక్కో విద్యార్థికి లెక్కకట్టే మూల మొత్తం 2019లో 6,160 డాలర్లు. మధ్యలో ధరలు ఎంత పెరిగినా 2025 దాకా ఆ అంకె కదల్లేదు. 2025లో శాసనసభ చేసిన చట్టం దానికి కలిపింది 55 డాలర్లు. మిగతా నిధులను వేర్వేరు పద్దుల కింద కేటాయించారు. వేగంగా పెరిగే డిస్ట్రిక్టుల కోసం 2019లో ఒక ప్రత్యేక భత్యం పెట్టారు గానీ, రెండేళ్ళు తిరగకుండానే దాని మొత్తానికి పరిమితి విధించారు.

అప్పుకూ హద్దుంది. కొత్త బాండ్లు అమ్మే ముందు, వంద డాలర్ల ఆస్తి విలువకు 50 సెంట్ల లోపు పన్నుతో ఆ అప్పు తీర్చగలమని డిస్ట్రిక్టు నిరూపించుకోవాలి. పిల్లల ఒత్తిడితో ఆ హద్దుకు చేరిన కొన్ని డిస్ట్రిక్టులు, అసలు మీద వడ్డీ పేరుకుంటూ పోయి దశాబ్దాల తరువాత ఒక్కసారిగా చెల్లించాల్సిన బాండ్లను ఆశ్రయించాయి. ఆస్టిన్ సమీపంలోని లియాండర్ డిస్ట్రిక్టు పేరు ఈ విషయంలో ఎక్కువగా వినిపించింది. ఈనాటి పిల్లల గదులకు వాళ్ళ పిల్లల కాలంలో వడ్డీ కట్టే ఈ పద్ధతికి 2015లో చట్టం చేసి కళ్ళెం వేశారు.

ఈ రెండు ఖాతాల చిక్కును కళ్ళకు కట్టే ఉదంతం ఫ్రిస్కోది. 2000 ప్రాంతంలో అక్కడి డిస్ట్రిక్టు బడుల్లో ఏడు వేల మంది పిల్లలుండేవారు. రెండు దశాబ్దాల్లో అరవై వేలు దాటారు. 2016 ఆగస్టులో రోజువారీ ఖర్చు ఖాతాకు వంద డాలర్ల విలువకు 13 సెంట్లు పెంచమని డిస్ట్రిక్టు ఓటర్లను అడిగింది. ఓటర్లు కాదన్నారు. బాండ్ల డబ్బుతో కట్టిన నాలుగు కొత్త బడులను నడపడానికి డబ్బు లేక, వాటిని తెరవడం వాయిదా వేయాల్సి వచ్చింది. గోడలున్నాయి, పిల్లలున్నారు, జీతాల ఖాతా మాత్రం ఖాళీ. 2018లో ఓటర్లు మనసు మార్చుకున్నాక గానీ పరిస్థితి కుదుటపడలేదు. పొరుగున ఉన్న ఆలెన్ డిస్ట్రిక్టు 2012లో ఆరు కోట్ల డాలర్లతో పిల్లల ఫుట్‌బాల్ ఆటకు స్టేడియం కట్టింది. భవనాల ఖాతాలో అది సాధ్యం. అదే డబ్బుతో ఒక్క టీచరుకు కూడా జీతం ఇవ్వలేరు.

ఈ శివారులు ఇంతగా పెరగడంలో మన తెలుగువాళ్ళ పాత్ర చిన్నది కాదు. ఫ్రిస్కో బడుల్లో ఇటీవలి సంవత్సరాల్లో ఆసియా మూలాల పిల్లలదే పెద్ద వర్గం. అక్కడ ఇల్లు కొనే తెలుగు కుటుంబం వాస్తు కంటే ముందు చూసేది బడి ఏ డిస్ట్రిక్టు కిందికి వస్తుందన్నదే. వీసా మీద ఉన్నవాళ్ళు ఆస్తి పన్ను కడతారు, బాండ్ల ఎన్నికలో ఓటు వేయలేరు. నా మిత్రుడూ చాలా ఏళ్ళు ఆ స్థితిలోనే ఉన్నాడు. పౌరసత్వం వచ్చాక తన మొదటి ఓటు బడి కోసమే వేశానని కొంత గర్వంగానే చెప్పాడు.

ఇంతవరకు ఇది ఉన్నవాళ్ళ మధ్య తగాదా. చోటు చాలకపోయినా ఆ రేకుల గదిలో ఏసీ ఉంది, ప్రతి పిల్లకూ కుర్చీ ఉంది. ఆస్తి లేనివాళ్ళ సరిహద్దులో ఏం జరుగుతుందో తెలియాలంటే అదే రాష్ట్రంలో దక్షిణానికి, శాన్ ఆంటోనియోకు వెళ్ళాలి.

ఆ నగరానికి పడమట ఎడ్జ్‌వుడ్ అనే డిస్ట్రిక్టు ఉంది. 1960లలో అక్కడ ఇరవై రెండు వేల మంది పిల్లలు, వాళ్ళలో దాదాపు 90 శాతం మెక్సికన్ అమెరికన్లు, ఆరు శాతానికి పైగా నల్లజాతివారు. 1968 మేలో అక్కడి ఉన్నత పాఠశాల విద్యార్థులు చాలీచాలని టీచర్లనూ శిథిలమైన భవనాలనూ నిరసిస్తూ తరగతులు విడిచి వీధిలోకి వచ్చారు. దానికి కొనసాగింపుగా విమాన స్థావరంలో రేకుల పనిచేసే దిమెత్రియో రోడ్రిగెజ్, మరికొందరు తల్లిదండ్రులు కలిసి కోర్టుకెక్కారు. కోర్టు ముందుకు వచ్చిన లెక్క ఇది. ఎడ్జ్‌వుడ్ ప్రజలు వంద డాలర్ల విలువకు 1.05 డాలర్ల పన్ను వేసుకుంటే ఒక్కో విద్యార్థికి 26 డాలర్లు వచ్చాయి. అదే నగరంలో సంపన్న శ్వేతజాతీయులు ఎక్కువగా ఉండే ఆలమో హైట్స్ 85 సెంట్లే వేసుకుని 333 డాలర్లు రాబట్టింది. ఎక్కువ రేటున పన్ను కట్టిన పేదల పిల్లలకు అందులో పన్నెండో వంతు కూడా రాలేదు.

1973 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ తల్లిదండ్రుల వాదనను తోసిపుచ్చింది. చదువు రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంది. పేద డిస్ట్రిక్టులో ఉండేవాళ్ళను వివక్షకు గురైన ప్రత్యేక వర్గంగా గుర్తించలేమంది. నల్లజాతి నుంచి వచ్చిన తొలి సుప్రీంకోర్టు న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్ దానితో గట్టిగా విభేదించారు. ఎడ్జ్‌వుడ్ ప్రజలు మళ్ళీ రాష్ట్ర కోర్టుకు వెళ్ళారు. అత్యంత సంపన్న డిస్ట్రిక్టుకూ అత్యంత పేద డిస్ట్రిక్టుకూ మధ్య ఒక్కో విద్యార్థి వెనక ఉన్న ఆస్తి విలువలో తేడా 700 రెట్లని తేలాక, 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని ఏకగ్రీవంగా చెప్పింది. 1993లో సంపన్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత పేద డిస్ట్రిక్టులకు మళ్ళించే చట్టం వచ్చింది. ఉన్నవాళ్ళను కొల్లగొట్టి లేనివాళ్ళకు పంచే కథానాయకుడు రాబిన్ హుడ్ పేరుతో దాన్ని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరులోనే దోపిడీ అన్న నింద ఉంది.

ఆ నింద మనకు కొత్తది కాదు. సరిహద్దు ఎవరు గీశారని అడగకుండా, పంచడాన్ని మాత్రం దోపిడీ అనడం మనం ఎరిగిన అలవాటే. ఎడ్జ్‌వుడ్ పేదరికం ఆకాశం నుంచి ఊడిపడలేదు. శాన్ ఆంటోనియోలో అనేక కాలనీల దస్తావేజుల్లోనే మెక్సికన్లకూ నల్లవాళ్ళకూ ఇల్లు అమ్మరాదన్న షరతులుండేవి. వాళ్ళను ఒకచోటికి నెట్టి, ఆ చోటుకు విలువ లేకుండా చేసి, ఆ తరువాత మీ ఆస్తి విలువను బట్టే మీ బడి అన్నారు. మన ఊరిలో వాడను ఊరి చివర ఎందుకు పెట్టారో తెలిసినవారికి దీన్ని వేరే వివరించనక్కర్లేదు.

ఎవరి పన్నుతో ఎవరి బడి నడుస్తోందన్న ప్రశ్నను ఈ దేశంలో అందరికంటే సూటిగా అడిగినవాడు మహాత్మా జోతిరావు ఫూలే. 1882లో హంటర్ విద్యా కమిషన్‌కు ఇచ్చిన వాంగ్మూలంలో, ప్రభుత్వ ఆదాయంలో అధికభాగం సేద్యగాళ్ళ చెమట నుంచి వస్తుండగా అది పైకులాల ఉన్నత చదువులకు ఖర్చవుతోందని ఆయన ఎత్తిచూపాడు. ప్రాథమిక విద్యను కనీసం పన్నెండేళ్ళ వయసు వరకు నిర్బంధం చేయమని కోరాడు. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు 1968లో అడిగినదీ సారంలో ఇదే.

మన రెండు రాష్ట్రాల్లో బడి డబ్బు ఊరి ఆస్తి నుంచి కాక రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. సూత్రరీత్యా ఇది టెక్సాస్ పద్ధతి కంటే మెరుగు. ఎస్సీ, ఎస్టీల జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. అయినా నా చిన్ననాటి 'మంజూరు సంఖ్య' వదిలిపోలేదు. రూపం మార్చుకుంది.

తెలంగాణ గురుకులాలనే చూద్దాం. 2014 నాటికి అన్ని సొసైటీలవీ కలిపి మూడు వందల లోపు ఉన్నవి పదేళ్ళు తిరగకుండానే వెయ్యి దాటాయి. దళిత, గిరిజన, బీసీ, మైనారిటీ బాలబాలికలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు అవి తెరిచిన దారి చిన్నది కాదు. నేను పాఠం చెప్పే తరగతుల్లో ఆ దారిన వచ్చినవాళ్ళున్నారు. ఆ విస్తరణను తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. అయితే సంస్థలు పెరిగినంత వేగంగా సొంత భవనాలు పెరగలేదు. మూతపడిన ఇంజనీరింగ్ కాలేజీల్లో, అద్దె భవనాల్లో వందల గురుకులాలు నడిచాయి. 2024 అక్టోబరులో దసరా సెలవుల తరువాత పిల్లలూ టీచర్లూ తిరిగి వచ్చేసరికి, అద్దె బకాయిలు చెల్లించలేదంటూ పలుచోట్ల యజమానులు గేట్లకు తాళాలు వేశారు. ఫ్రిస్కోలో భవనాలుండి నడిపే డబ్బు లేకపోయింది. ఇక్కడ పిల్లలుండి, టీచర్లుండి, గేటు మూసి ఉంది.

అన్నం సంగతీ అంతే. మూడు నుంచి ఏడో తరగతి పిల్లకు నెలకు 950 రూపాయల చొప్పున ఏళ్ళ తరబడి డైట్ చార్జీ నడిచింది. అంటే మూడు పూటలా కలిపి రోజుకు 32 రూపాయల లోపు. 2024 చివరలో దాన్ని 1,330కి పెంచారు. ఒకేసారి 40 శాతం పెంచాల్సి వచ్చిందంటే అంతకుముందు ఎంతకాలం పెంచకుండా వదిలేశారో ఆ అంకే చెబుతుంది. ఆ మధ్యకాలంలో ధరలకూ చార్జీకీ ఉన్న తేడాను ఖజానా భరించలేదు, పిల్లల కడుపులు భరించాయి. 6,160 డాలర్ల అంకె ఆరేళ్ళు కదలకుండా ఉండడమూ ఇటువంటిదే. తేడా ఏమిటంటే, అక్కడ ఆ బరువు ఒక డిస్ట్రిక్టులోని అందరి పిల్లల మీదా పడుతుంది. ఇక్కడ గురుకులం అన్న మాటలోనే ఏ కులాల పిల్లల మీద పడుతుందో తేలిపోయి ఉంది. ధనిక కులాల పిల్లలు ఆ గేటు దగ్గర లేరు గనుక ఆ తాళం ఒకటి రెండు రోజుల వార్తగా మిగిలింది.

ఇప్పుడు ఇరవై, ఇరవై ఐదు ఎకరాల్లో సమీకృత గురుకుల సముదాయాలు కడతామని ప్రభుత్వం 2024 అక్టోబరులో శంకుస్థాపనలు చేసింది. అన్ని వర్గాల పిల్లలూ ఒక ప్రాంగణంలో చదవాలన్న ఆలోచన మంచిదే. కానీ టెక్సాస్ నేర్పే పాఠాన్ని మరచిపోకూడదు. భవనాల ఖాతా కంటికి కనిపిస్తుంది, శిలాఫలకం మీద పేరు మిగులుస్తుంది. బియ్యం, అద్దె, జీతం, మందుల ఖాతా ఎవరికీ కనిపించదు. కనిపించే ఖాతా కోసం కనిపించని ఖాతాను ఎండగడితే కొత్త గోడల మధ్య పాత ఆకలే మిగులుతుంది.

ఇక్కడ మన ప్రవాసులతో ఒక మాట చెప్పాలి. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చేసిన సర్వేలో అమెరికాలోని భారతీయుల్లో 90 శాతానికి పైగా అగ్ర, ఆధిపత్య కులాలవారని, అట్టడుగు కులాలవారు 1.5 శాతమేనని తేలింది. ఆ తరువాత ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని నా మిత్రుడి వంటివాళ్ళు కొందరు చేరి ఉండవచ్చు, పొందిక తలకిందులై ఉండదు. ఆ శివారుల్లో తెలుగు కుటుంబాలు తమ పిల్లలను పంపేది ఎక్కువగా ప్రభుత్వ బడులకే. ఇరుగుపొరుగు పన్నుతో, అందరూ కలిసి తీర్చే అప్పుతో నడిచే ఆ బడిలో ఫీజు లేదు, బస్సుకు డబ్బు లేదు. దాన్ని అక్కడ ఎవరూ ఉచితం అనరు, హక్కు అంటారు. అదే కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఇక్కడి గురుకులాన్నీ స్కాలర్‌షిప్‌నూ ఉచితాలని వెక్కిరించే సందేశాలు తిరుగుతుంటాయి. నా మిత్రుడు అటువంటివి కొన్ని చూపించాడు. జవాబు రాస్తావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఆ వీధిలో తన కులం ఇంకా ఎవరికీ తెలియదు. తెలిస్తే పుట్టినరోజు విందుల్లో కూతురికి పిలుపులు ఎలా ఉంటాయోనన్న భయం అతనికుంది.

మన ప్రభుత్వాలు చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. మంజూరైన సంఖ్య ప్రకారం కాకుండా ప్రతి జూన్‌లో గేటు లోపల ఉన్న పిల్లల లెక్క ప్రకారం నిధులు విడుదల చేయాలి. చదువు సంవత్సరం మధ్యలో చేరినవారికి మరుసటి నెలలోనే అదనపు కేటాయింపు అందాలి. డైట్ చార్జీని ఏటా ధరల సూచీతో ముడిపెట్టాలి, ఎన్నికల సంవత్సరం కోసం ఆగకూడదు. అద్దె, ఆహార బిల్లులు ఖజానాలో మిగతా చెల్లింపుల కంటే ముందు వరుసలో ఉండాలి. ప్రత్యేక అభివృద్ధి నిధి నుంచి ఏ నెలలో ఏ పాఠశాలకు ఎంత విడుదలైందో ఆ పాఠశాల గోడ మీద తల్లిదండ్రులు చదువుకోగలిగేలా రాయాలి. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు కోర్టులో నిలబడగలిగింది 26, 333 అన్న రెండు అంకెలు చేతిలో ఉన్నందువల్లే. మన తల్లిదండ్రుల చేతికి ఆ అంకెలు ఇంకా రాలేదు.

తిరిగి వచ్చే రోజు మిత్రుడు విమానాశ్రయంలో దింపుతూ, మన వార్డెన్ సారు ఇప్పుడెక్కడున్నాడని అడిగాడు. చనిపోయి చాలా కాలమైందని చెప్పాను. పేరు లేని పిల్లలకు అన్నం పెట్టినందుకు ఆయన మీద ఒకసారి విచారణ జరిగింది, బియ్యం లెక్క తేలలేదని ఇంక్రిమెంటు ఆపారు. ఆ లెక్కలో తేలని బియ్యం తిన్న పిల్లవాడు ఈరోజు మరో దేశంలో బడి పన్ను కడుతున్నాడు. దయగల ఒక్క ఉద్యోగి తన జీతం పోగొట్టుకుంటే తప్ప పిల్లలు తినలేని ఏర్పాటును ఈ తరంలోనైనా మార్చుకోవాలి.